వైద్యమున సూక్ష్మదర్శినికి పెద్దపీట వేసిన ఆల్‌ఫ్రెడ్ డొన్నే

భూమి తన చుట్టు తాను తిరుగుచున్నదను సత్యమును ఒక లోలకముతో లోకమునకు కన్నులార చూపిన లియోన్ ఫూకో పేరు విద్యాలయములలో చదువుకొన్నవారికి క్రొత్త కాదు. ఆ ఫూకో తన యౌవనమున ప్రయోగవిద్య నభ్యసించినది ఒక వైద్యుని చెంత. ఆ వైద్యుడే ఆల్‌ఫ్రెడ్ ఫ్రాన్స్వా డొన్నే. రక్తములోని అతిసూక్ష్మ కణికలను పరికించినవానిగా, ల్యుకీమియా యను రక్తవ్యాధిని తొలుత గుర్తించినవారిలో ఒకనిగా, సూక్ష్మదర్శినిలో కనబడు రూపములను ఛాయాచిత్రములుగా పట్టి గ్రంథస్థము గావించినవానిగా ఆయన వైద్యలోకమున ప్రసిద్ధుడు. ఈ కార్యములన్నింటికంటె ముందు, 1836లో, ఆయన చేసిన ఆవిష్కరణము మరియొకటి కలదు. అది స్త్రీల దేహమును ఆశ్రయించి బాధించు ఒక పరాన్నజీవిని కనుగొనుట. నలుగురిలో చెప్పుకొనుటకు సంకోచించు వ్యాధికి సంబంధించినది కావున దానికి రావలసినంత ప్రచారము రాలేదు. అయినను ఆయన జీవితమునుండి విద్యార్థి నేర్చుకొనవలసిన పాఠము అందులోనే ఎక్కువగా ఉన్నది.

డొన్నే 1801వ సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీన ఫ్రాన్సు దేశమున, పారిస్ నగరమునకు ఉత్తరముగా నున్న న్వాయోన్ పట్టణమున జన్మించెను. మతసంస్కర్తయైన జాన్ కాల్విన్ పుట్టినదియు ఆ ఊరే. డొన్నే బాల్యము నెపోలియన్ విజయములతోను, యౌవనారంభము ఆ చక్రవర్తి పతనముతోను గడచినవి. వైద్యవిద్యకై ఆయన పారిస్ చేరెను. ఆనాడు ప్రపంచమున వైద్యము నేర్వదలచినవారికి పారిస్ కాశీక్షేత్రము వంటిది. ఇంగ్లండు నుండి, జర్మనీ నుండి, అమెరికా నుండి సయితము విద్యార్థులు అక్కడి ఆసుపత్రులకు వచ్చి, రోగి మంచము ప్రక్కన నిలిచి విద్య నేర్చుకొనుచుండిరి.

ఆ పారిస్ వైద్యులు సామాన్యులు కారు. రోగి రొమ్మునకు చెవినానించి వినుటకు బదులు స్టెతస్కోపును 1816లో కనిపెట్టిన లెన్నెక్ వారిలోనివాడే. రోగి బ్రతికియున్నంత కాలము లక్షణములను శ్రద్ధతో వ్రాసికొని, మరణించిన పిదప శవమును కోసి, ఆ లక్షణములకు లోపలి అవయవములలో కారణమెట్టిదో సరిచూచుట వారి పద్ధతి. ఆ పద్ధతివలన వైద్యము ఊహలనుండి విడివడి పరిశీలనమునకు వచ్చినది. కాని వారి పరిశీలనము కంటిచూపుతోనే ఆగిపోయెను. కంటికందని లోకమును చూపు సూక్ష్మదర్శినియందు వారికి విశ్వాసము లేదు.

ఆ అవిశ్వాసమునకు కారణము లేకపోలేదు. హాలండు దేశీయుడైన లీవెన్‌హుక్ 17వ శతాబ్దమున తన చిన్న కటకములతో నీటిబొట్టులోని జీవులను చూచి ఆశ్చర్యపడినది మొదలు, సూక్ష్మదర్శినిలో ఎవరికి తోచినది వారు చూచుచు వచ్చిరి. కటకముల దోషమువలన వస్తువుల అంచుల చుట్టును ఇంద్రధనుస్సు వలె రంగులు కనబడెడివి. ఉన్నదేదో, కటకము కల్పించినదేదో తెలియకుండెడిది. అందువలననే కణజాలముల శాస్త్రమునకు పునాది వేసిన బిషా అంతటివాడు సూక్ష్మదర్శినిని నమ్మరాదని తన శిష్యులకు బోధించెను. ఆయన 1802లో మరణించినను ఆ బోధ పారిస్ వైద్యులలో చాలకాలము నిలిచియుండెను. 1820ల దశకమున పారిస్‌లో షెవాలియే మొదలైన పనివారు రంగుల దోషము తగ్గిన కటకములను తయారుచేసిరి. 1830లో ఇంగ్లండున జోసెఫ్ లిస్టర్ వాటి అమరికకు శాస్త్రీయమైన దారి చూపెను. పరికరము బాగుపడినది గాని, దానిపై పడిన అపనింద ఇంకను తొలగలేదు.

సరిగా ఆ సమయమున డొన్నే వైద్యపట్టమునకై తన పరిశోధన వ్యాసమును సమర్పించెను. అది 1831వ సంవత్సరము. రక్తము, చీము, శ్లేష్మము మున్నగు ద్రవములలోని గోళికలను సూక్ష్మదర్శినితోను, రసాయనములతోను పరీక్షించుటయే దాని విషయము. పైకి చూడగా ఇది పండితుల వినోదము వలె తోచవచ్చును. కాని దాని వెనుక ఆసుపత్రిలో దినదినము ఎదురగు ప్రశ్న యొకటి ఉన్నది. దేహమునుండి వెలువడిన తెల్లని ద్రవము సహజమైన శ్లేష్మమా, రోగముచేత పుట్టిన చీమా? కంటికి రెండును ఒకటిగానే కనబడును. వాటిని వేరుచేయగల సాధనము కావలెను. డొన్నే పిమ్మట షారితే ఆసుపత్రిలో పనిచేయుచు ఈ ప్రశ్నను విడువక పట్టుకొనెను.

ఈ ప్రశ్న స్త్రీల విషయమున ఎంత క్లిష్టమైనదో ఆనాటి పారిస్ స్థితి తెలిసినగాని బోధపడదు. తెలుగునాట తెల్లబట్ట యని వ్యవహరించు స్రావము స్త్రీలలో పలుకారణములచేత కలుగును. వాటిలో కొన్ని నిరపాయములు, కొన్ని కేవలము బలహీనతకు చిహ్నములు, మరికొన్ని సెగరోగము వంటి సుఖవ్యాధుల ఫలితములు. వీనిని విడదీయు పరీక్ష ఏదియు లేదు. వైద్యుడు చూపుతో నిర్ణయించును. లేదా స్త్రీ జీవనవిధానమును బట్టి ఊహించును. ఆ నగరమున వేశ్యావృత్తిలో నున్న స్త్రీలు ప్రభుత్వపు పట్టికలలో నమోదై, నియమిత కాలములందు పరీక్షకు రావలసియుండెడిది. రోగము కలదని వైద్యుడు తలచినచో వారిని నిర్బంధించి చికిత్స చేయుచుండిరి. పారిస్ నగరపు వేశ్యావృత్తిని గూర్చి పారాఁ-దుషాత్లే వ్రాసిన పెద్ద గ్రంథము ఆ 1836లోనే వెలువడినది. ఒక స్త్రీ స్వేచ్ఛ వైద్యుని కంటిచూపుపై ఆధారపడియుండెను. గృహిణుల స్థితి మరియొక విధమైనది. వారు సిగ్గుచేత చెప్పుకొనలేక బాధను లోలోపలనే భరించుచుండిరి.

డొన్నే చేసిన పని చెప్పుటకు సులభము. ఆసుపత్రులలోని స్త్రీల స్రావమును, పురుషుల స్రావమును ఒక్కొక్క బిందువు చొప్పున గాజు పలకపై నుంచి, అది ఆరిపోకమునుపే, చల్లబడకమునుపే సూక్ష్మదర్శిని క్రింద చూచుట మొదలుపెట్టెను. చీము కణముల నడుమ, చర్మపు పొరల తునకల నడుమ ఆయనకొక విచిత్రమైన జీవి కనబడెను. అది చీము కణముకంటె కొంచెము పెద్దది. ఆకారము గుండ్రముగా నుండి ఒకవైపు సాగినట్లుండును. ముందువైపున కొరడాల వంటి సన్నని తంతువులు ఆడుచుండును. ఒకచోట నిలువక, తూగుచు, కుదుపులతో కదలుచు, దారిలోని కణములను త్రోసికొనుచు పోవుచుండును. అది చీము కణము కాదు, దేహపు తునక కాదు; స్వయముగా చలించు ప్రాణి. 1836లో ఆయన తన పరిశీలనమును పారిస్ విజ్ఞాన పరిషత్తునకు నివేదించెను. మరుసటి సంవత్సరము స్త్రీ పురుషుల మూత్ర, జననేంద్రియ స్రావములను గూర్చి ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను.

క్రొత్త జీవికి పేరు కావలెను. సూక్ష్మజీవులను ఎరిగిన దుజార్డిన్ వంటి ప్రకృతిశాస్త్రజ్ఞుని సలహాను డొన్నే తీసికొనెను. ఆ జీవి కొంత మొనాస్ అను జాతిని, కొంత ట్రైకోడిస్ అను జాతిని పోలియుండుటచే రెండు పేర్లను కలిపి ట్రైకోమొనాస్ అని పిలిచెను. రోమములు గల ఒంటికణపు జీవి యని దాని భావము. 1838లో జర్మను పండితుడు ఎరెన్‌బర్గ్ ఆ పేరును కొలదిగా సవరింపగా అది ట్రైకోమొనాస్ వెజైనాలిస్ అయినది. నేటికిని అదియే దాని శాస్త్రనామము. దాని నిడివి మిల్లీమీటరులో సుమారు నూరవ వంతు. ముందువైపున నాలుగు కశాభములు, ప్రక్కన అలవలె కదలు పొరకు అంటుకొని మరియొకటి ఉండునని తరువాతి వారు మంచి పరికరములతో నిర్ణయించిరి.

చూచుట ముగిసినది. చూచినదానికి అర్థమేమను ప్రశ్న మిగిలినది. స్రావము విస్తారముగా నున్న స్త్రీలలో ఈ జీవి కనబడుటచే, సుఖవ్యాధులతో దానికి సంబంధముండునని డొన్నే తొలుత అనుమానించెను. ఆ మాటను గట్టిగా చాటి, దానిపై కీర్తి గడించుట ఆయనకు కష్టము కాదు. పత్రికలలో వ్రాయు అలవాటు గలవాడు, వాదప్రియుడు. కాని సాక్ష్యము ఆయనకు తోడురాలేదు. సెగరోగము గలవారందరిలో ఆ జీవి లేదు. ఆ జీవి ఉన్నవారందరికి ఆ రోగము లేదు. అందుచేత అది సెగరోగమునకు కారణమని తాను రుజువు చేయజాలనని గ్రహించి ఆయన వెనుకకు తగ్గెను. ఇంతలో కొందరు పండితులు అది అసలు జీవియే కాదనియు, గర్భాశయపు లోపలి పొరనుండి ఊడివచ్చిన కదలు రోమముల కణమే అనియు ఆక్షేపించిరి. ఆ వివాదము చాలకాలము సాగెను. 1855లో జర్మనీకి చెందిన స్కాంజోని, కోలికర్ అనువారు మరల పరీక్షించి, అది స్వతంత్రమైన జీవియే యని స్థిరపరచిరి. డొన్నే కన్ను పొరపడలేదు.

తనకొక్కనికి కనబడినది పదిమందికి కనబడినగాని శాస్త్రము కాదని డొన్నే గ్రహించెను. తక్కినవారు సూక్ష్మదర్శినిని నమ్మకపోవుటకు వారి మూర్ఖత్వముకంటె అనుభవలేమియే కారణమని ఆయన భావము. కాబట్టి 1837 ప్రాంతమున వైద్యవిద్యార్థులకై తాను స్వయముగా ఒక పాఠక్రమమును ప్రారంభించెను. ఉపన్యాసశాలలో 20 సూక్ష్మదర్శినులను వరుసగా అమర్చి, గురువు చెప్పినదానిని శిష్యుడు అక్కడికక్కడ చూచునట్లు ఏర్పాటుచేసెను. ఒక్కరొక్కరుగా చూచుట ఆలస్యమగునని, తీవ్రమైన వెలుగు సాయమున సూక్ష్మరూపములను తెరపై పెద్దవిగా చేసి చూపు ఉపాయమును గూడ అనుసరించెను. నేడు ఉన్నత పాఠశాలలో బల్లపై నుంచిన సూక్ష్మదర్శినిలో ఉల్లిపొరను చూచు విద్యార్థి అనుభవించు విద్యావిధానమునకు ఆనాడు దారి తీసినవారిలో డొన్నే ఒకడు.

ఆ పాఠశాలకు వచ్చినవాడే లియోన్ ఫూకో. 1819లో పారిస్‌లో పుట్టిన ఈ యువకుడు వైద్యము చదువనెంచి, రక్తము చూడజాలక ఆ చదువును విడిచెను. చేతిపనిలో మాత్రము అతనికి సాటి లేడు. డొన్నే అతనిని వదలివేయక తన ప్రయోగములకు సహాయకునిగా తీసికొనెను. పాఠములకు సూర్యరశ్మి చాలని దినములలో విద్యుద్దీపపు వెలుగును వాడుటకు ఫూకో పరికరమును రూపొందించెను. అప్పటికి డాగేర్ కనిపెట్టిన ఛాయాగ్రహణ పద్ధతి 1839లో లోకమునకు వెల్లడియైనది. దానిని సూక్ష్మదర్శినితో కలుపవలెనని డొన్నేకు తోచెను. 1840లోనే ఆయన అట్టి చిత్రములను విజ్ఞాన పరిషత్తునకు చూపెను. గురుశిష్యుల కృషి ఫలితముగా 1844లో సూక్ష్మదర్శినీ పాఠముల గ్రంథమును, 1845లో దానికి తోడుగా చిత్రసంపుటమును వెలువడినవి. ఆ సంపుటమున 20 పలకలపై 86 చిత్రములు కలవు. రక్తము, శ్లేష్మము, చీము, పాలు మొదలైన ద్రవములలోని కణములు ఛాయాచిత్రముల ఆధారముగా అచ్చులోనికి వచ్చుట వైద్యగ్రంథ చరిత్రలో అదియే మొదలు.

దీని ప్రయోజనము కేవలము అందము కాదు. అంతవరకు సూక్ష్మదర్శినిలో చూచినదానిని శాస్త్రజ్ఞుడు చేతితో గీసెడివాడు. గీయు చేతిలో గీయువాని అభిప్రాయము గూడ కలిసిపోవును. తాను నమ్మినదానిని కొంచెము స్పష్టముగా, నమ్మనిదానిని కొంచెము మసకగా గీయుట మానవస్వభావము. వెలుగు తానే గీసిన బొమ్మకు అట్టి పక్షపాతము లేదు. సూక్ష్మదర్శిని అబద్ధమాడునని నిందించినవారికి డొన్నే ఇచ్చిన సమాధానము ఈ చిత్రసంపుటము. పత్రికలో విజ్ఞానవిషయములను వ్రాయు తన ఉద్యోగమును సయితము ఆయన 1845లో ఫూకోకు అప్పగించెను. ఆరేండ్లకు, 1851లో, శిష్యుని లోలకము పారిస్‌లోని పాంథియన్ భవనమున ఊగుచు జగత్ప్రసిద్ధమైనది.

రక్తమును గూర్చి డొన్నే చేసిన పరిశీలనములు రెండు చిరస్మరణీయములు. 1839లో పారిస్‌లోని ఓతెల్ ద్యూ ఆసుపత్రిలో ప్లీహము మిక్కిలి పెరిగిన ఒక స్త్రీ మరణించెను. ఆమెకు చికిత్స చేసిన వైద్యుడు బార్త్ ఆమె రక్తమును పరీక్షకై డొన్నే యొద్దకు పంపెను. చూడగా అందులో సగమునకు పైగా కణములు ఎఱ్ఱనివి గాక, చీము కణములను పోలిన తెల్లనివిగా ఉండెను. రక్తమే రోగగ్రస్తమైన స్థితి ఇదియని ఆయనకు తోచెను. 1844 నాటి గ్రంథములో దీనిని వివరించెను. 1845లో ఎడింబరోలో బెన్నెట్, బెర్లిన్‌లో విర్కో ఇట్టి రోగులనే వర్ణించిరి. విర్కో పెట్టిన ల్యుకీమియా యను పేరు నిలిచినది. రెండవది, 1842లో రక్తమున ఎఱ్ఱకణములు, తెల్లకణములు గాక, మూడవరకపు మిక్కిలి చిన్న కణికలను ఆయన పేర్కొనుట. నేడు రక్తఫలకికలని చెప్పబడు వాటిని తొలుత చూచినవారిలో ఒకనిగా చరిత్రకారులు ఆయనను లెక్కింతురు. అవి ఆహారరసమునుండి పుట్టునని ఆయన తలచినది మాత్రము నిలువలేదు.

స్త్రీల ఆరోగ్యము, శిశువుల ఆరోగ్యము ఆయన మనస్సును విడువలేదు. ఆనాటి ఫ్రాన్సున కలిగినవారి బిడ్డలను పాలిచ్చు దాదులకు అప్పగించుట ఆచారము. దాది పాలు మంచివో కావో తేల్చు పద్ధతి లేదు. డొన్నే 1837లోనే పాలను సూక్ష్మదర్శినితో పరీక్షించి, ప్రసవించిన తొలిదినములలోని ముఱ్ఱుపాలయందు ప్రత్యేకమైన రేణుమయ కణములుండునని చూపెను. 1843లో పాల చిక్కదనమును కొలుచుటకు లాక్టోస్కోపు అను పరికరమును నిర్మించెను. రెండు గాజు పలకల నడుమ పాలు పోసి, వాటిగుండ క్రొవ్వొత్తి వెలుగును చూచుచు, ఎంత మందమున ఆ వెలుగు మఱుగుపడునో కొలుచుటయే దాని కిటుకు. తల్లులకై 1842లో ఆయన వ్రాసిన శిశుపోషణ గ్రంథము పలుమార్లు అచ్చై, ఆంగ్లమునకు గూడ అనువదింపబడెను.

ఇంతచేసినను పారిస్ వైద్యవిద్యాలయమున ఆచార్యపదవి ఆయనకు దక్కలేదు. పెద్దల అనాదరమునకు తోడు, పత్రికలలో ఇతరుల పరిశోధనములను నిర్మొగమాటముగా విమర్శించు ఆయన కలము గూడ శత్రువులను పెంచెను. తరువాత ఆయన విద్యాశాఖలో ప్రవేశించి, వైద్యవిద్యకు పర్యవేక్షకునిగాను, స్ట్రాస్‌బర్గ్, మోంపెల్యే విద్యామండలములకు రెక్టరుగాను పనిచేసెను. పరిశోధనకు వినియోగపడవలసిన సంవత్సరములు పరిపాలనలో గడచినవి. 1860ల దశకమున, సూక్ష్మజీవులు తమంతట తాము పుట్టునా యను మహావివాదము చెలరేగినప్పుడు, ఆయన కోడిగ్రుడ్లతో ప్రయోగములు చేసెను. మొదట అవి పాస్టర్ పక్షమునకు బలమిచ్చినను, పిదప డొన్నే ఎదుటి పక్షమునకు మొగ్గెను. ఆ విషయమున విజయము పాస్టర్‌దే. వ్యాధిని కలిగించు సూక్ష్మజీవిని కన్నులార చూచినవాడు సూక్ష్మజీవుల పుట్టుకను గూర్చి తప్పుదారి పట్టుట విధివైచిత్ర్యము. 1878 మార్చి 7వ తేదీన ఆయన పారిస్‌లో కన్నుమూసెను.

ఆయన కనుగొన్న జీవి కథ ఆయనతో ముగియలేదు. అది నిజమైన జీవియని ఒప్పుకొన్నవారు సయితము, అది ఏ కీడును చేయక స్త్రీదేహమున ఊరక నివసించునదని తలచిరి. ఆ అభిప్రాయము దాదాపు 80 ఏండ్లు చెలామణి యైనది. అది కనబడినను వైద్యులు చికిత్స చేయలేదు. స్త్రీల దురదయు, మంటయు, దుర్గంధముతో కూడిన స్రావమును వేరు కారణములకు అంటగట్టబడెను. 1916లో జర్మను వైద్యుడు హోనె, చీముతో కూడిన యోనిశోథమునకు ఇది తరచుగా కారణమగుచున్నదని వాదించెను. అయినను సందేహము తీరలేదు. ఆ జీవితో పాటు ఎల్లప్పుడును బాక్టీరియాలు ఉండును. దోషము దానిదో, వానిదో తేల్చుట ఎట్లు? దానిని ఒంటరిగా పెంచినగాని తీర్పు రాదు. 1915లో అమెరికాలో లించ్ దానిని దేహమునకు వెలుపల పెంచగలిగెను గాని, అది శుద్ధమైన పంట కాదు. 1940లో అమెరికాలోనే ట్రస్సెల్, ప్లాస్ అనువారు బాక్టీరియాలు లేని శుద్ధమైన పంటను సాధించి, దానివలననే రోగము కలుగునని ప్రయోగపూర్వకముగా చూపిరి. డొన్నే 1836లో అడిగిన ప్రశ్నకు ఉత్తరము 104 సంవత్సరములకు వచ్చినది.

ఆ పిమ్మట ప్రయోగశాల పద్ధతులు క్రమముగా పెరిగినవి. అన్నింటిలో సులభమైనది డొన్నే వాడినదే. స్రావపు బిందువును ఉప్పునీటి చుక్కతో కలిపి గాజు పలకపై నుంచి వెంటనే చూతురు. జీవి కదలికయే దాని గుర్తు. పది ఇరువది నిమిషములు జాగు చేసినను, చలి తగిలినను కదలిక మందగించును. కదలనిచో చీము కణమునకును దానికిని భేదము తెలియదు. అందువలన ఈ పద్ధతి ఎంత నేర్పరి చేతిలోనైనను, వ్యాధి నిజముగా ఉన్నవారిలో సుమారు సగము మందిని, మహా అయినచో మూడింట రెండు వంతుల మందిని మాత్రమే పట్టుకొనును. తక్కినవారిని రోగము లేనివారిగా పంపివేయును.

ఈ లోపమును తీర్చుటకు పోషకద్రవములో జీవిని పెంచు పద్ధతి వచ్చినది. 1957లో డైమండ్ రూపొందించిన పోషకద్రవము ఇందుకు ప్రసిద్ధి చెందినది. స్రావమును అందులో వేసి దేహపు వేడిమిలో నుంచి, కొన్ని దినములు వరుసగా పరీక్షింతురు. ఒకటి రెండు జీవులున్నను అవి పెరిగి కనబడును. కాని ఫలితమునకై రోగి వేచియుండవలెను. గర్భాశయ ముఖపు క్యాన్సరును కనుగొనుటకు పపానికొలౌ ప్రవేశపెట్టిన రంగుల పరీక్షలో ఈ జీవి అప్పుడప్పుడు తానై కనబడును. దానినే నమ్ముకొనుట మాత్రము క్షేమము కాదు. జీవి మాంసకృత్తులను గుర్తించి కొద్ది నిమిషములలో ఫలితమిచ్చు పట్టీలు పిమ్మట వచ్చినవి. జీవి జన్యుపదార్థమునే వెదకి, దానిని కోట్ల రెట్లు పెంచి పట్టుకొను పరీక్షలు నేడు అన్నింటికంటె నమ్మదగినవి. వానికి జీవి కదలనక్కరలేదు, బ్రతికియుండనక్కరలేదు. దాని జన్యుపటము 2007లో ప్రకటింపబడినది. కాని ఇట్టి యంత్రములు లేని చిన్న ఆసుపత్రులలో నేటికిని గాజు పలక, ఉప్పునీటి చుక్క, సూక్ష్మదర్శిని, ఓపిక గల కన్ను, ఇవియే దిక్కు.

పరీక్ష ఫలించినచో చికిత్స దుర్లభము కాదు. డొన్నే పనిచేసిన పారిస్ నగరమునుండియే మెట్రొనిడజోల్ అను మందు వెలువడి, 1959లో ఈ వ్యాధికి వాడబడెను. అది నోటిద్వారా తీసికొను మాత్ర. భార్యాభర్తలిద్దరును ఒకేసారి తీసికొనవలెను. పురుషులలో ఈ జీవి సామాన్యముగా ఏ లక్షణమును చూపక దాగియుండును గనుక, ఒకరికే చికిత్స చేసినచో వ్యాధి మరల వచ్చును. దీనిని ఉపేక్షించుట క్షేమకరము కాదు. ఈ వ్యాధి గల గర్భిణులకు నెలలు నిండకమునుపే ప్రసవమగు ప్రమాదము హెచ్చు. హెచ్‌ఐవి సోకు అవకాశమును హెచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారము 2020వ సంవత్సరములో ఈ వ్యాధి క్రొత్తగా 15 కోట్ల 60 లక్షల మందికి సోకినది. సెగరోగము, సవాయి, క్లమీడియా, ఇది యను నయమగు నాలుగు సుఖవ్యాధులలో సంఖ్యయందు ఇదియే మొదటిది. సోకిన స్త్రీలలో చాలమందికి ఏ బాధయు తెలియదు. తెలిసినవారిలో చాలమంది చెప్పుకొనరు.

డొన్నే జీవితమును పరికించినచో రెండు గుణములు ప్రస్ఫుటమగును. ఇతరులు అసహ్యించుకొని, లేక సిగ్గుపడి, కన్ను త్రిప్పుకొన్నదానిని ఆయన శ్రద్ధతో చూచెను. ఒక స్త్రీ రోగమును ఆమె నడతను బట్టి గాక, గాజు పలకపైని బిందువును బట్టి తెలిసికొనవలెనని ఆయన పద్ధతి చాటుచున్నది. రెండవది, చూచినదానికంటె ఎక్కువ చెప్పకుండుట. కారణము రుజువు కానప్పుడు ఆయన కారణమని ప్రకటింపలేదు. దోషము ఆయన అనంతరము వచ్చినవారిది. కారణమని రుజువు కాలేదన్న మాటను వారు కారణము కాదన్న మాటగా గ్రహించి విశ్రమించిరి. ఆ రెండు మాటలకును గల భేదమును గమనింపకపోవుటచే మూడు తరముల స్త్రీలు చికిత్స లేక బాధపడిరి. విజ్ఞానశాస్త్రము బోధించు ఉపాధ్యాయుడు తన విద్యార్థులకు ఈ భేదమును ఒక్కటి స్పష్టముగా నేర్పగలిగినను, డొన్నే చూచిన ఆ నీటిబొట్టు వృథా కాదు.